భూమి మెత్తబడేదాకా

బలసముద్రం
14 ఫిబ్రవరి 2023

ప్రతిమకు, మీ మేనత్త బోరమ్మ ఎవరి చేతా రాయించకుండా తనే రాస్తున్న ఉత్తరం.

ఫోన్లో నీ ముఖం కనిపిస్తే నాకు మాట రావడం లేదు. నువ్వు ఏడుస్తావు, నేను ఊరికే చూస్తుంటాను. నేను ఏడవడం లేదని నీకు ఇంకా భయం. అందుకే రాస్తున్నాను. మీ తాత నన్ను మడకశిర బడికి నాలుగో క్లాసు దాకా పంపించాడు. ఆ అక్షరాలే నాకున్నవి. నా బిడ్డ వినుత కన్నడ బడిలో చదివినా నా పక్కన కూర్చుని ఈ అక్షరాలు కూడా నేర్చుకుంది. కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపడం అదే నాకు నేర్పించి నీ దగ్గరికి పోయింది. రెండేళ్లు దానికి అట్లే పంపించాను. ఇప్పుడు నీకు.

దినాలు అయిపోయాయి. పదకొండో దినానికి మీ నాన్న వచ్చి దగ్గరుండి చేయించాడు. మర్నాటి నుంచే నేను పనికి పోతున్నాను. పక్కింటి గుండమ్మ ఇంకో నాలుగు రోజులు ఉండమంది. ఇంట్లో ఉండి ఏం చేయాలి? సోలారు పార్కులో అద్దాలు తుడిచే పని. ట్యాంకరు నీళ్లు కొడుతుంది, మేము పొడుగు కట్టెకు బిగించిన రబ్బరుతో కిందికి లాగుతాము. ఒక వరుస అయితే ఇంకో వరుస. సాయంత్రానికి చేతులు నావి కానట్టు ఉంటాయి. అది మంచిదే.

నీకు ఒక సంగతి చెప్పాలి. మంచు మీద కారు జారింది, వినుత లేదు అని నువ్వు చెప్పిన రోజు, మీ పెద్దమామ అడిగాడు కదా, "పిల్లను ఈడికి తెప్పించాల్నా, ఆడే చేయాల్నా" అని. నేను "తేవద్దు, ఈడ చోటు లేదు" అన్నాను. ఇంటి నిండా జనం, అందరూ నా ముఖం చూశారు. ఫోన్లో నువ్వు కూడా విన్నావు.

మనవాళ్లు పోయినవాళ్లను ఎవరి చేనిలో వాళ్లు మట్టి చేసి పెట్టుకుంటారు. మీ మామను మన చేని తూర్పు మూలలో పెట్టాము. రెండేళ్లకు చేను సోలారుకు ఇచ్చాము. ఆ మూల ముట్టుకోము అన్నారు, ముట్టుకోలేదు. కాని కంచె దాని అవతల వేశారు. ఇప్పుడు మీ మామ పదిహేడో వరుస వెనక ఉన్నాడు. నేను పనిచేసేది ఇంకో బ్లాకులో, వేరే వాళ్ల కింద. మన చేనికి పోవాలంటే ముందు రోజు పేరు రాయించి చీటీ తీసుకోవాలి. ఉగాదికి ఒకసారి, పెద్దల అమావాస్యకు ఒకసారి ఇస్తారు. కొత్తగా ఒక జానెడు కూడా తవ్వనివ్వరు, కింద కరెంటు తీగలు ఉన్నాయి. నేను అన్నది ఆ మాట. బిడ్డను వద్దనలేదు.

మూడు రోజులు మన ఇంట్లో పొయ్యి వెలగలేదు. మట్టి అయ్యేదాకా వెలిగించకూడదు కదా. మూడో రోజు మీ పెద్దమామ ఫోన్లో "మట్టి చేసినారా" అని అడిగాడు, నువ్వు "చేసినాం పెద్దమామా" అన్నావు. అప్పుడు గుండమ్మ పొయ్యి వెలిగించి, నా నోట్లో ముద్ద పెట్టింది.

ఇప్పుడు నేను అడిగేది ఇది. దాన్ని ఏ పక్కకు తల పెట్టి పడుకోబెట్టారు? నా మూడు పిడికిళ్ల మన్ను ఎవరు వేశారు? నువ్వు వేసి ఉంటే నా పేరు చెప్పి వేశావా? అక్కడి మన్ను ఎర్రదా, నల్లదా? అది ఎట్లాంటి ఊరు? వినుతను ఎప్పుడు అడిగినా "బాగుందిలేమ్మా, నిదానంగా చెప్తా" అనేది. అంతకు మించి నాకు ఏమీ తెలియదు.

తెలిసేట్టు రాయి.

మీ అత్త
బోరమ్మ


పెర్రిన్ లాండింగ్, అయోవా
26 ఫిబ్రవరి 2023

అత్తా,

నీ రాత రెండుసార్లు చదివాను. చోటు లేదు అన్న మాట నాకు వేరేగా వినిపించింది. వినుతను ఇక్కడికి రప్పించింది నేను. నర్సులు కావాలంటున్నారు రా అని పిలిచింది నేను, కాగితాలు నింపింది నేను. తీసుకుపోయిన దానివి నువ్వే చూసుకో అని నువ్వు అన్నట్టు అనిపించింది. ఇప్పుడు ప్రశ్నలు చూసినా, నేను సరిగా చేశానో లేదో అని అడుగుతున్నట్టే ఉంది. కోపం ఉంటే ఉండనీ అత్తా. దాచుకోవద్దు.

ఊరి సంగతి అడిగావు, అది చెబుతాను.

మిస్సిసిపీ అని నది. మన పినాకినిలా ఇసుక కాదు, ఏడాది పొడుగునా నీళ్లే. ఇప్పుడు పైన గడ్డకట్టి ఉంది. దాని మీద చిన్న చిన్న గుడిసెలు పెట్టుకుని, మంచుకు చిల్లు పొడిచి చేపలు పడుతున్నారు. పూర్వం పెర్రిన్ అనే పడవవాడు జనాన్ని ఆ గట్టు నుంచి ఈ గట్టుకు దాటించేవాడట, అతని పేరే ఊరికి వచ్చింది. తర్వాత పై నుంచి పెద్ద పెద్ద దుంగలు నీళ్ల మీద తేలుతూ వచ్చేవి. వాటిని కోసే మిల్లులు వచ్చాయి. అడవి అయిపోయింది, మిల్లులు పోయాయి. అప్పుడు నదిలోని ఆల్చిప్పలతో చొక్కా గుండీలు చేయొచ్చని ఎవరో కనిపెట్టారు. ఊరు ఊరంతా అదే పని. మగవాళ్లు చిప్పలు కోసేవాళ్లు, ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని గుండీలను అట్టలకు కుట్టేవాళ్లు, మన దగ్గర బీడీలు చుట్టినట్టు. ప్లాస్టిక్ గుండీలు వచ్చి అది కూడా పోయింది. ఇప్పుడు తొమ్మిది వేల మంది, ధాన్యం గోదాములు, పడవలు, మేము పనిచేసే ముసలివాళ్ల ఆశ్రమం.

ఆశ్రమంలో లొరేన్ అని ఉంది, తొంభై ఒక్క ఏళ్లు. పడుచుగా ఉన్నప్పుడు గుండీల ఫ్యాక్టరీలో పనిచేసింది. నువ్వు పంపిన చెనిక్కాయ పొడి వినుత ఆమెకు ఉడికించిన ఆలుగడ్డ మీద చల్లి పెట్టేది. వినుత పోయిందని తెలిసి రెండు రోజులు ఆమె మందులు మింగలేదు. శ్మశానం కొండ మీద ఉంది, అక్కడి నుంచి నది కనిపిస్తుంది. అక్కడ వాళ్ల ఇంటివాళ్ల చోటులో వినుతకు జాగా ఇచ్చింది ఆమే. మన్ను నల్లది.

గుండీలు కోయగా మిగిలిన చిప్పలు గట్టు మీద ఇప్పటికీ దొరుకుతాయి. ఒకటి పోస్టులో పంపుతున్నాను. వినుత మంచం పక్కన పెట్టుకున్నది.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు.

నీ మేనకోడలు
ప్రతిమ


బలసముద్రం
23 మార్చి 2023

ప్రతిమా,

చిప్ప అందింది. గుండమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏందే ఇది, ఎలుకలు కొరికినాయా" అంది. గుండీలు కోశారు అని చెప్పాను. "అంత దూరం నుంచి చిల్లులు పంపించినాది నీ కోడలు, గుండీలు ఆడనే పెట్టుకోని" అంది. నాకు నవ్వు వచ్చినట్టు అయ్యి రాలేదు. చిప్ప లోపల ఎంత నున్నగా ఉందో. వేలు పెట్టి చూస్తే చిల్లు నా ఉంగరం వేలంత ఉంది. కిటికీలో పెట్టుకున్నాను.

నాకు కోపం లేదు. కోపం రావాలంటే ఏదో ఒకటి ఉండాలి కదా లోపల. ఏమీ లేదు.

నిన్న ఉగాది. మీ మామ దగ్గరికి పోయి వచ్చాను. మొన్ననే చీటీ రాయించాను. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లేశప్ప. అతని చేను కూడా లోపలే ఉంది, మనకు రెండు వరుసలు అవతల. రిజిస్టరులో ఎవరిని చూడడానికి అని ఒక గడి ఉంటుంది. మీ మామ పేరు రాశాడు. "మా నాయన కాడికి పోవాలన్నా నా చీటీ నేనే రాసుకోని, నాకు నేనే గేటు తీయాల" అన్నాడు. ప్రతి ఉగాదికీ ఇదే మాట అంటాడు. ఈసారి అన్నాక నా వైపు చూసి గేటు తీశాడు.

మీ మామ దగ్గర కూర్చుని చెప్పాను. నీ కూతురిని నది కనిపించే కొండ మీద పెట్టారంట, మన్ను నల్లదంట, ఒక అవ్వ తన చోటు ఇచ్చిందంట అని. ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. చెప్పేదానికి చీటీ దొరకలేదు.

నువ్వు ఊరు చరిత్ర అంతా రాశావు. పడవవాడి పేరు కూడా రాశావు. నా మూడు పిడికిళ్ల సంగతి రాయలేదు. తల ఏ పక్క అన్నది రాయలేదు. ఆలోచించాను. ఆ రోజు నువ్వు బయట చేరి ఉంటావు, ముట్టుకోకూడదని దూరంగా నిలబడి ఉంటావు, అది చెప్పడానికి మొహమాటపడుతున్నావు. అట్లయితే తప్పేమీ లేదమ్మా. మన్ను వేసినవాళ్లు ఎవరో వాళ్ల పేరు చెప్పు, చాలు. వాళ్లను తలుచుకుంటాను.

ఎండాకాలం వచ్చింది. పైన గడ్డి మొలిచిందా? ఆదివారం పోయినప్పుడు ఒక చెంబు నీళ్లు పోసి రా.

అత్త


పెర్రిన్ లాండింగ్
2 ఏప్రిల్ 2023

అత్తా,

ఆదివారం కొండ దాకా నడిచి పోయాను. గడ్డి ఇంకా మొలవలేదు. ఇక్కడ ఎండాకాలం ఇప్పుడే రాదు.

నువ్వు అనుకున్నట్టు నేను దూరంగా లేను. నేను బయట చేరలేదు. దగ్గరే ఉన్నాను. చర్చిలో ఊరివాళ్లు చాలామంది వచ్చారు. ఆశ్రమం వ్యానులో ముసలివాళ్లను తీసుకొచ్చారు. ఇక్కడ ఎవరైనా పోతే చర్చి కింది హాల్లో ఆడవాళ్లు వంట చేసి అందరికీ పెడతారు. వినుత మాంసం తక్కువ తింటుంది అని ఎవరికో గుర్తు, ఆలుగడ్డల కూర వేరుగా చేశారు. తక్కినవి ఇంకోసారి రాస్తాను.

వినుత గది ఖాళీ చేస్తుంటే ఒక నోటుబుక్కు దొరికింది. నీ కోసం రాసుకున్నది. మొదటి పేజీలో "అమ్మకు చెప్పవలసినవి" అని ఉంది. ఆశ్రమంలో ముసలివాళ్లు చెప్పిన ఊరి సంగతులన్నీ తెలుగులో రాసింది. ఊరికి వచ్చినప్పుడు నీ పక్కన కూర్చుని చదివి వినిపించాలని అనుకుందేమో. పోయిన ఉత్తరంలో నేను రాసిన పడవవాడు, దుంగలు, గుండీలు మొదటి నాలుగు పేజీలలోవే. తర్వాతివి చదవడం నా వల్ల కాలేదు. అన్నీ ఫోటోలు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అవి నీవి. నోటుబుక్కు జాగ్రత్తగా పెట్టాను.

నది కరుగుతోంది. మంచు పెచ్చులు ఒకదానికొకటి తగిలి రోజంతా చప్పుడు.

ప్రతిమ


బలసముద్రం
9 ఏప్రిల్ 2023

ప్రతిమా,

నోటుబుక్కు చదివాను. పనికి పోలేదు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒక్కో పేజీ.

శుక్రవారం శుక్రవారం ఊరంతా ఒక హాల్లో కూర్చుని వేయించిన చేపలు తింటారంట. మొదటిసారి ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక తలుపు దగ్గర నిలబడితే, ఒకాయన కుర్చీ కాలితో తోసి కూర్చోమన్నాడంట. పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇనుప సామాను అంగడి గోడకు గీత గీసి పెట్టారంట, ఆ గీత వినుత తల కంటే మూర పైన ఉందంట. ఆ వరదలో లొరేన్ తమ్ముడు కొట్టుకుపోయాడు, దొరకలేదు. కొండ మీద అతనికి రాయి మాత్రం పెట్టారు. "కింద ఎవరూ లేరని తెలిసినా వాళ్లమ్మ ప్రతి ఆదివారం పోయి ఆ రాయి పక్కన కూర్చునేదంటమ్మా" అని రాసింది.

పంతొమ్మిదో పేజీ నువ్వు చదవలేదు. నేను ఇక్కడ ఎత్తి రాస్తాను.

"అమ్మా, ఈ ఊళ్లో చలికాలంలో పోయినవాళ్లను వెంటనే మట్టి చేయరు. భూమి రాయి మాదిరి అయిపోతుంది. కొండ మీదికి తవ్వే మిషను ఎక్కదు. కొండ పక్కన ఒక రాతి గది ఉంది, ఇనుప తలుపు. పెట్టెను అందులో పెట్టి భూమి మెత్తబడేదాకా ఉంచుతారు. పూర్వం నుంచీ అట్లే, ఇప్పుడూ అట్లే. మా ఆశ్రమంలో ఒక తాత డిసెంబరులో పోతే ఏప్రిల్‌లో పిలిచారు. అందరూ మళ్లీ నల్లబట్టలు వేసుకుని పోయినాము. నాకు వింతగా అనిపించింది."

వినుత జనవరిలో పోయింది.

తల ఏ పక్క అని అడిగితే పడవవాడి పేరు చెప్పావు. గడ్డి మొలవలేదు అన్నావు. దగ్గరే ఉన్నాను అన్నావు, చర్చి దగ్గర ఆపేశావు.

నా బిడ్డ ఇప్పుడు యాడుంది?

బోరమ్మ


పెర్రిన్ లాండింగ్
9 ఏప్రిల్ 2023

అత్తా,

ఆ గదిలో ఉంది.

ఆ రోజు పెద్దమామ ఫోను చేసినప్పుడు నేను చర్చి బయట నిలబడి ఉన్నాను. ప్రార్థన అయింది, పెట్టెను కొండకు తీసుకుపోయి ఆ గదిలో పెట్టి తాళం వేశారు. ఏప్రిల్ దాకా తవ్వడం కుదరదు అని చెప్పారు. ఆ తాత మట్టికి వినుత పోయింది, నేను డ్యూటీలో ఉన్నాను, ఇది నాకు ముందు తెలియదు. పెద్దమామ స్పీకరులో పెట్టి అడిగాడు. వెనక నుంచి గుండమ్మ గొంతు వినిపించింది, "మూడు దినాలాయ, ఆయమ్మ నీళ్లు గూడా ముట్టలేదు, తొందరగా చెప్పమను" అని. ఏప్రిల్ అంటే నువ్వు ఏప్రిల్ దాకా పొయ్యి వెలిగించవు. నువ్వు అట్లాంటి మనిషివని నాకు తెలుసు. అందుకని చేసినాం అన్నాను.

ఒక్క రోజులో సరిచేసి చెబుదాం అనుకున్నాను. అంతలో మూడోదినం పాలు పోశామని పెద్దమామ చెప్పాడు. తర్వాత దినాలు అయ్యాయి. తర్వాత నువ్వు ఉత్తరం రాశావు. మామకు కూడా చెప్పి వచ్చానని రాసినప్పుడు నేను రెండు రోజులు డ్యూటీకి పోలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. భూమి మెత్తబడింది, పదిహేనో తేదీ అనుకున్నాము. కాని పైన మంచు ఒక్కసారిగా కరిగి నది పొంగుతోంది. కొండకు పోయే దారి మీదికి నీళ్లు వస్తున్నాయి. ఊళ్లోవాళ్లంతా ఇసుక బస్తాలు నింపుతున్నారు, నేనూ పోతున్నాను. నీళ్లు తీసేదాకా ఎవరూ తేదీ చెప్పడం లేదు. నెల పట్టవచ్చు అంటున్నారు. కొండ ఎత్తు మీద ఉంది, గది దాకా నీళ్లు రావు. అది మాత్రం నిజం అత్తా. రోజూ కింది నుంచి చూసి వస్తున్నాను.

ప్రతిమ


బలసముద్రం
12 ఏప్రిల్ 2023

ప్రతిమా,

మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. నిన్ను తిట్టాలా అని చూశాను. తిట్టు రాలేదు. మీ పెద్దమామకు చెప్పాను. ఆయన "చేసిన దినాలు చేసినట్టే, ఊరికి ఇప్పుడేం చెప్పొద్దు" అన్నాడు. ఊరికి చెప్పలేదు. గుండమ్మకు చెప్పాను.

మంచు గదిలో అది పడుకుని ఉంటే, నేను ఇక్కడ దానికి పాలు పోశాను, వడలు పెట్టాను, ఆకు తీశాను. అవన్నీ ఎవరికి పోయినట్టు? ఇది నిన్ను అడగడం లేదు. ఊరికే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం చదివిన పూట నుంచి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. భయపడొద్దు. గుండమ్మ ఇంట్లో తింటున్నాను. తిడుతూ పెడుతుంది. "నీ కోడలు అబద్ధం చెప్పి ఒక పూట పెట్టె, నేను నిజం చెప్పి దినామూ పెట్టాల్సి వచ్చె" అంటుంది. తిన్నంత తింటాను. నా ఇంట్లో మాత్రం మట్టి అయ్యాకే.

ఇప్పుడు చెప్పేది బాగా విను. నీళ్లు తీసి తేదీ చెప్పినప్పుడు నాకు ఒక రోజు ముందు తెలియాలి. మల్లేశప్పతో మాట్లాడాను. ఉగాదీ అమావాస్యా కాకపోయినా ఒకసారి చీటీ రాస్తానన్నాడు. పైవాళ్లు అడిగితే తాను చూసుకుంటానన్నాడు. నా మూడు పిడికిళ్లు నేను ఇక్కడ వేస్తాను, మీ మామ పక్కన. లొరేన్ వాళ్లమ్మ కింద ఎవరూ లేని రాయి దగ్గర కూర్చోలేదా? అట్లే.

రెండు చోట్లా పొద్దు ఉండాలి. నాకు చీకటిలో వద్దు, దానికీ చీకటిలో వద్దు. ఆ గదిలో ఉన్నది చాలు. అక్కడ ఉదయం ఏడు అయితే ఇక్కడ సాయంత్రం ఐదున్నర అని వినుత ఒకసారి చెప్పింది, ఎండాకాలంలో. ఆ వేళకు చేయించు. ఊరివాళ్లు అంత పొద్దున్నే రారేమో, రాకపోయినా పర్వాలేదు.

తల దక్షిణానికి.

దింపిన వెంటనే నాకు ఫోను చేసి రెండు రింగులు ఇచ్చి కట్ చెయ్యి. ఎత్తను. మాట్లాడడానికి ఉండదు. రింగు వస్తే చాలు.

అత్త


పెర్రిన్ లాండింగ్
13 మే 2023

అత్తా,

రెండు రింగులు నీకు చేరాయని తెలుసు. నువ్వు ఎత్తలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, ఏదీ వదలను.

నాలుగు రోజుల కిందట నీళ్లు తీశాయి. దారి మీద బురద ఆరలేదు, ఊళ్లోవాళ్లు పారలతో ఎత్తి పోశారు. ఉదయం ఏడు అంటే శ్మశానం చూసే ఆయన అంత పొద్దున ఎప్పుడూ చేయలేదే అన్నాడు. మా అత్త అక్కడ పొద్దు ఉండగా మన్ను వేయాలి అని చెప్పాను. సరే, ఏడుకే అన్నాడు. శుక్రవారం చేపల హాల్లో ఎవరు చెప్పారో, ఈ రోజు ఆరున్నరకే కొండ మీద కార్లు నిండిపోయాయి. ఎవరో ఫ్లాస్కులో కాఫీ, పెట్టెల నిండా తీపి వడల లాంటివి తెచ్చి కారు వెనక తలుపు తీసి పెట్టారు. అంత పొద్దున్నే రారేమో అని రాశావు. వచ్చారు.

తల దక్షిణానికి పెట్టించాను. గొయ్యి అటు ఇటుగా ఉంటే ఆయన ఫోన్లో దిక్కు చూసి సరిచేశాడు.

నీ పేరు చెప్పి మూడు పిడికిళ్లు ముందు వేశాను. తర్వాత మామ పేరున మూడు. తర్వాత నావి. ఇక్కడివాళ్లు ఒక్క పిడికెడు వేసి పోతారు. నేను మూడు వేయడం చూసి వెనకున్నాయన కూడా మూడు వేశాడు. ఆయన వెనక వాళ్లూ. ఎవరూ చెప్పలేదు. లొరేన్‌ను చక్రాల కుర్చీలో తెచ్చారు, వంగలేదు. ఆమె చేతిలో మన్ను నేను పోశాను, మూడుసార్లు. నల్లమన్ను, తడిగా ఉంది. వినుత ఆమె తమ్ముడి రాయి పక్కన ఉంది. లొరేన్ ఆ రాయిని చూపించి నాతో అన్నది, "ఇన్నేళ్లూ వాడు ఒక్కడే, ఇప్పుడు పక్కన ఒకరు" అని.

అంతా అయ్యాక నేను అక్కడే గడ్డిలో కూర్చున్నాను. రాతి గది తలుపు తీసే ఉంది. లోపల ఖాళీ.

ఇది నిజం అత్తా. ప్రతి మాట.

ప్రతిమ


బలసముద్రం
14 మే 2023

ప్రతిమా,

నమ్మాను.

నిన్న నాలుగింటికే పోయాను. మల్లేశప్ప రిజిస్టరు తీసి మీ మామ పేరు రాసి, పెన్ను పట్టుకుని నన్ను చూశాడు. వినుత పేరు చెప్పాను. ఆ గడిలో ఒక్క పేరుకే చోటు ఉంది. కింద చిన్నగా రాసి, నన్ను చూసి, "రెండు సమాధులు అని రాసినా అక్కా. ఇంగ ప్రతి తడవా ఇట్లే రాస్తా, ఎవురొచ్చి అడిగినా" అన్నాడు.

అద్దాల మధ్యన నడిచి పోతే ఎండ రెండు పక్కల నుంచీ కొడుతుంది. మీ మామ దగ్గర కూర్చున్నాను. ముందు చెప్పింది తప్పు, ఈ రోజు పెడుతున్నారు అని చెప్పాను. మల్లేశప్ప దూరంగా నిలబడి, "తవ్వొద్దక్కా, పైపైనే తియ్" అన్నాడు. తవ్వలేదు. గోకితే ఎర్రమన్ను వచ్చింది, పొడిగా.

ఫోన్ ఒడిలో పెట్టుకున్నాను. ఐదున్నర దాటింది. ఐదూ నలభై. అప్పుడు మోగింది. రెండుసార్లు.

మూడు పిడికిళ్లు వేశాను. చిప్ప తీసుకుపోయాను, దాన్ని మన్ను మీద పెట్టి పాలు పోశాను. చిల్లుల్లోంచి పాలు కిందికి దిగిపోయాయి. వెనక్కి చూస్తే మల్లేశప్ప టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. గేటు ఆరుకు మూయాలి. నేను లేచేదాకా అతను మూయలేదు.

ఏడుపు రాలేదు ప్రతిమా. ఎప్పుడో వస్తుంది కాబోలు. రాకపోయినా నేనేం చేయాలి.

ఇంటికి వచ్చి స్నానం చేసి పొయ్యి వెలిగించాను. ఇన్ని రోజులు లేదు కదా, పొయ్యిలో పిల్లి పడుకున్న గుర్తు, బూడిద అంతా చెదిరి ఉంది. రాగిముద్ద కెలికి, చెనిక్కాయ చట్నీ నూరాను. గుండమ్మ గోడ అవతల నుంచి పొగ చూసి, "వెలిగిందా" అంది. వెలిగింది అన్నాను. వచ్చి కూర్చుని నాతో పాటు తిని పోయింది.

తిన్నాక గుర్తుకు వచ్చింది. నా ఇంట్లో పొయ్యి వెలగాలని నువ్వు ఆ రోజు అట్లా చెప్పావు. నాకు ముద్ద దిగింది. నీ సంగతి ఏమిటో ఈ నాలుగు నెలల్లో నేను ఒక్కసారి అడగలేదు. నువ్వు దాని వదినవి. మట్టి కాలేదని నీకు తెలుసు. ఆ జనవరి నుంచి నిన్నటి దాకా నువ్వు పొయ్యి వెలిగించి ఉండవు. నా అన్న బిడ్డవి కదా, నాకు తెలుసు. బ్రెడ్డు తిని, ఆశ్రమంలో ఇచ్చింది తిని, డ్యూటీకి పోయి ఉంటావు.

చెనిక్కాయ పొడి ఒక డబ్బా కొట్టి పెట్టాను. రేపు పావగడకు పోయి పోస్టు చేస్తాను. లొరేన్‌కు కొంచెం ఇవ్వు, ఆలుగడ్డ మీద.

మట్టి అయింది. నీ ఇంట్లో పొయ్యి వెలిగించుకుని, వేడిగా ఏదైనా వండుకుని తిను.

అత్త
బోరమ్మ